నాన్న చూపించాక తెలిసిన కీబోర్డు: 12 ఏళ్ల ఇన్‌స్క్రిప్ట్ వాడకం

కంప్యూటర్‌లో తెలుగు ఎలా రాస్తావని ఎవరైనా అడిగితే ఇన్నాళ్లూ ‘ఇన్‌స్క్రిప్ట్’ అని ఒక్క మాట చెప్పి ఊరుకునేవాడిని. ఇప్పుడు ఊరుకోలేకపోతున్నాను. తెలుగు అక్షరాలనే నేరుగా మీటల మీద పేర్చిన ఈ కీబోర్డును 12 ఏళ్లుగా వాడుతున్నాను. అందులో మొదటి తొమ్మిదేళ్లు, దాని అమరికలోని అసలు అందాన్ని చూడకుండానే వాడాను. చూపించినవారు మా నాన్న. ఆ ముందు రోజు దాకా ఆయన కంప్యూటర్ ముట్టుకోలేదు.

నేను రాసేవి కలగూరగంప వ్యాసాలు. ఒక వారం ప్రెషర్ కుక్కర్ విజిల్ ఎలా పనిచేస్తుందో రాస్తాను. మరో వారం సోల, తవ్వ, మానిక కొలతలు మన ఇళ్లలోంచి ఎలా తప్పుకున్నాయో రాస్తాను. ఇంకోసారి మన అక్షరాల గుండ్రదనానికీ తాటాకు మీద గంటానికీ ఉన్న సంబంధం గురించి. ఇన్‌స్క్రిప్ట్‌కు ముందు ఆరేళ్లు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతిలో రాశాను. ‘కళ్లు’ అని రాయాలంటే మనసులో కె, ఏ, పెద్ద ఎల్, చిన్న ఎల్, యు అని వరుస కట్టేవి. కొన్నాళ్లకు కలంతో కాగితం మీద రాస్తున్నప్పుడు కూడా ణ దగ్గర, ళ దగ్గర చెయ్యి తడబడడం గమనించాను. తెలుగు మాటకూ నాకూ మధ్య మరో భాష అడ్డంగా కూర్చుందని అనిపించింది. అందుకే మారాను.

నేర్చుకోవడం కష్టమా అంటే, మొదటి రెండు వారాలు కష్టమే. ఒక పేజీ రాయడానికి పూట పట్టేది. నెల తిరిగేసరికి పాత వేగం వచ్చింది, మూడు నెలలకు దాన్ని దాటింది. ఇది 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ప్రమాణంగా తెచ్చిన అమరిక. ఏ కంప్యూటర్‌లో చూసినా ముందే ఉంటుంది, విడిగా ఏదీ ఎక్కించుకోనక్కరలేదు. ‘ఇన్‌స్క్రిప్ట్ వేగంగా ఉంటుంది, ఎక్కడైనా దొరుకుతుంది’ అని అప్పట్లో స్నేహితులందరికీ చెప్పేవాడిని. నాకు దాని గురించి తెలిసింది అంతే.

మూడేళ్ల కిందట సంక్రాంతికి తెనాలి వెళ్లాను. నాన్న ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా చేసి పదవీ విరమణ పొందారు. అప్పటికి ఆయనకు 74 ఏళ్లు. చుట్టుపక్కల పల్లెల్లో విన్న మాటలు, సామెతలు నాలుగు పొడవు పుస్తకాల నిండా రాసిపెట్టుకున్నారు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలని ఆయన కోరిక. మీటల మీద తెలుగు స్టిక్కర్లు అంటించి, అమరిక మొత్తం ఉన్న కాగితం ఒకటి ముద్రించి చేతికిచ్చాను. పండగ నాలుగు రోజుల్లో కనీసం గుణింతమైనా నేర్పి వెళ్లాలనుకున్నాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని, కీబోర్డు ముట్టుకోకుండా, ఆ కాగితాన్నే పది నిమిషాల సేపు చూశారు. తర్వాత కుడివైపు మధ్య వరుస మీద వేలు పెట్టి చదివారు: “ప, ర, క, త, చ, ట.” ఆ పై వరుస మీద వేలు పెట్టారు: “బ, హ, గ, ద, జ, డ.” నా వైపు తిరిగి, “ఒరే, కింద పరుషాలు పెట్టి వాటి నెత్తిన సరళాలు పెట్టారు, చూశావా?” అన్నారు.

నేను చూడలేదు. తొమ్మిదేళ్లు ఆ మీటల మీదే వేళ్లు ఉంచి కూడా చూడలేదు. ప మీద బ, క మీద గ, త మీద ద, చ మీద జ, ట మీద డ. షిఫ్టు పట్టుకుంటే అవే మీటల మీద వత్తు అక్షరాలు. ఎడమచేతి వైపు అచ్చులూ గుణింతపు గుర్తులూ ఉంటాయి కదా, అక్కడా ఇదే పద్ధతి. గుడి పైన గుడిదీర్ఘం, కొమ్ము పైన కొమ్ముదీర్ఘం, ఎత్వం పైన ఏత్వం, అ పైన ఆ. హ్రస్వం కింద, దీర్ఘం పైన.

నాన్న అంతటితో ఆగలేదు. “అయితే సరళాదేశ సంధి దీని మీద చేసి చూడాలి” అన్నారు. పూచెను, కలువలు: ఈ రెండు పదాలు కలిస్తే క కాస్తా గ అవుతుంది. ఆయన చూపుడువేలితో క మీట తాకి, దాన్ని ఒక్క వరుస పైకి జరిపారు. గ మీద ఆగింది. బడిలో ముప్పై ఏళ్లకు పైగా నల్లబల్ల మీద బాణం గీసి చెప్పిన పాఠాన్ని ఆయన వేలు ఒక్క అంగుళం కదిలి చెప్పింది. వెంటనే గసడదవాదేశ సంధి పట్టుకున్నారు. క, ట, తలు గ, డ, దలు అయ్యేటప్పుడు వేలు పైకి పోతుంది. చ స అయ్యేటప్పుడూ ప వ అయ్యేటప్పుడూ కింది వరుసకు దిగుతుంది. ఆ సాయంత్రమంతా ఆయన టైపు చెయ్యనేలేదు, సంధులు చేస్తూ కూర్చున్నారు.

మర్నాడు మరో రెండు కనిపెట్టారు. సున్న ఉన్న మీటకు షిఫ్టు కలిపితే అరసున్న వస్తుంది. ర మీటకు షిఫ్టు కలిపితే బండిర వస్తుంది. ‘పూచెఁగలువలు’ అని అరసున్నతో సహా తెర మీద వచ్చినప్పుడు ఆయన ముఖంలో వెలుగు చూశాను. ఇక నన్ను కదిలించినది పొల్లు. పొల్లు, అ రెండూ ఒకే మీట మీద ఉంటాయి: మామూలుగా నొక్కితే పొల్లు, షిఫ్టుతో అ. “హల్లులో ఉన్న అకారాన్ని తీసేసేదే కదా పొల్లు! పెట్టేదీ తీసేదీ ఒకే చోట ఉంచారు. ఎవరు చేశారో గానీ బాగా చదువుకున్నవాళ్లు” అన్నారు.

ఈ అమరిక తెలుగు సంధుల కోసం చేసింది కాదు. బ్రాహ్మీ నుంచి వచ్చిన మన దేశపు లిపులకు దాదాపు ఒకే వర్ణక్రమం ఉంది కాబట్టి, వాటన్నిటికీ సరిపోయేలా చేసింది. ఉచ్చారణ పద్ధతిని బట్టి అక్షరాలను పేర్చారు, మన సంధులు కూడా ఉచ్చారణలోంచే పుట్టాయి కాబట్టి రెండూ కలిశాయి. దీనివల్ల నాకు అనుకోని లాభం ఒకటి దక్కింది. నేను బెంగళూరులో ఉంటాను. మా అపార్టుమెంటులో నీళ్ల ట్యాంకు శుభ్రం చేసే రోజు గురించి కన్నడంలో నోటీసు కావలసివస్తే, అప్పటిదాకా కన్నడంలో ఒక్క అక్షరం టైపు చెయ్యని నేను భాష మార్చి కూర్చున్నాను. ‘నమస్కార’ అని తెలుగులో ఏ మీటలు నొక్కుతానో కన్నడానికీ అవే మీటలు.

నాన్న పొడవు పుస్తకాల్లో మొదటిది ఎనిమిది నెలల్లో పూర్తయింది. ఈలోగా స్టిక్కర్ల మీద అక్షరాలు అరిగిపోయాయి. కొత్తవి తెస్తానంటే, అక్కర్లేదు, ఎక్కడుండాలో తెలుసుగా అన్నారు. ఆయన అసంతృప్తి ఒక్కటే. ‘చాప’లో మనం పలికే దంత్య చకారానికి, ‘జాము’లోని దంత్య జకారానికి కంప్యూటర్ అక్షరాలన్నిటికీ ప్రమాణమైన యూనికోడ్‌లో 2008లో విడిగా చోటిచ్చారు గానీ, మా కంప్యూటర్‌లోని ఈ కీబోర్డులో వాటికి మీటలు దొరకలేదు. పల్లె మాటలు సేకరించేవారికి అది చిన్న లోటు కాదు.

ఎక్కడైనా దొరుకుతుందని చెప్పేవాడినన్నాను కదా, అది బల్ల మీది కంప్యూటర్ వరకే నిజం. ఎడమచేతికి అచ్చులు, కుడిచేతికి హల్లులు అనే పంపకం పది వేళ్లున్నచోట అందంగా ఉంటుంది, ఫోనులో రెండు బొటనవేళ్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఫోనులో నేనూ వేరే పద్ధతి వాడుతున్నాను. వేగం సంగతి కూడా అంతే. ఒంటి, జంట కొటేషన్ గుర్తులుండే మీట మీద ట, ఠలు కూర్చున్నాయి. సంభాషణలు ఎక్కువున్న వ్యాసమైతే ప్రతి మాటకూ ముందూ వెనకా ఇంగ్లీషులోకి వెళ్లి రావాలి. ఈ వ్యాసానికే ఎన్నిసార్లు వెళ్లివచ్చానో!

నా అసలు బాధ కనపడని అక్షరంతో. ట్యూబ్‌లైట్, సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో పొల్లు తర్వాతి హల్లుకు అతుక్కోకుండా మధ్యలో ఒక గుర్తు పెట్టాలి. తెర మీద అది కనిపించదు. నా కంప్యూటర్‌లో దాని కోసం మూడు మీటలు కలిపి నొక్కాలి. సాంకేతిక విషయాలు రాసేవాడికి పేజీకి ఇరవై సార్లు ఆ అవసరం వస్తుంది. 2018 ఫిబ్రవరిలో తెలుగు ‘జ్ఞా’ చూపించబోయి ఒక పెద్ద కంపెనీ ఫోన్లు కుప్పకూలాయని అందరూ చెప్పుకున్నారు కదా, ఆ అక్షరం నడుమ దాగి ఉన్నదీ ఇదే గుర్తు. నా వ్యాసం ఒకటి ఒక పత్రికలో అచ్చయినప్పుడు, పాత ఫాంటులోకి మార్చే దశలో ఈ గుర్తులన్నీ ఎగిరిపోయి, ట్యూబు లైటు మీద పడి ‘ట్యూబ్లైట్’ అయింది. అలాంటివి 14 లెక్కపెట్టాను. తప్పు కీబోర్డుది కాదని తెలుసు. కానీ ఇంత ఆలోచించి పేర్చినవాళ్లు దానికి కూడా ఒంటి మీట ఇచ్చివుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

రోజూ బల్ల దగ్గర కూర్చుని, పేజీలకు పేజీలు తెలుగు రాసే పని మీకుంటే, నెల రోజులు వేగం తగ్గినా ఓర్చుకోగలిగితే మారమనే చెబుతాను. రోజుకు నాలుగు సందేశాలు పంపేవారికి ఈ శ్రమ పెట్టను. నా విషయంలో వర్ణమాల చిన్నప్పుడే నోటికి వచ్చింది, ఇంట్లో పండితుడున్నాడు. ఈ రెండూ లేకపోతే ఈ అమరిక ఇంత ఆనందం ఇచ్చేదో లేదో తెలియదు. మా అమ్మాయి ఇంకా ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు కొడుతుంది. వేసవి సెలవులకు తాతయ్య దగ్గరికి తెనాలి వెళ్తోంది. ఆయన రెండో పొడవు పుస్తకం సగంలో ఉంది.