బ్రాంకోస్కోపీ మేలా, సూదితో ముక్క తీయడం మేలా?

సూళ్లూరుపేట నుంచి పెదనాన్నని చెన్నై తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చాక ఇంట్లో రెండు రోజులు ఇదే చర్చ. ఊపిరితిత్తిలో గడ్డ కనిపించింది, ముక్క పరీక్ష చేయాలి. గొంతులోంచి కెమెరా గొట్టం పంపి (అదే బ్రాంకోస్కోపీ) తీయాలా, సీటీ స్కాన్‌లో చూస్తూ వీపు వైపు నుంచి సూదితో తీయాలా? గొట్టం అనగానే పెద్దమ్మ భయపడిపోయి సూదే నయమంది, నాకూ మొదట అలాగే అనిపించింది.

కానీ ఊపిరితిత్తికి చిల్లుపడి గాలి ఛాతీలోకి చేరే ప్రమాదం సూదితోనే ఎక్కువ. సుమారు 5 మందిలో ఒకరికి అలా అవుతుంది, చాలామందికి అదే తగ్గిపోతుంది, కొందరికి ఛాతీలో ట్యూబ్ వేయాల్సి వస్తుంది. బ్రాంకోస్కోపీలో లోపలి నుంచి ఊపిరితిత్తి ముక్క తీసినప్పుడు ఇది 100 మందిలో 1 నుంచి 4 మందికే. ఊరికే చూసి, నీళ్లతో కడిగి శాంపిల్ తీస్తే ఇంకా చాలా అరుదు.

అలాగని గొట్టం పూర్తిగా తేలికేం కాదు. చేస్తున్నంతసేపూ ఆక్సిజన్ పడిపోవచ్చు, అందుకే ఇప్పటికే ఆయాసంతో ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లకి డాక్టర్లు బాగా ఆలోచిస్తారు. తర్వాత కళ్లెలో కాస్త రక్తపు చారలు, ఆ రాత్రి జ్వరం మామూలే. రక్తం ఎక్కువగా పడినా, ఉన్నట్టుండి ఛాతీ నొప్పితో ఆయాసం పెరిగినా వెంటనే నర్సుని పిలవాలి.

అసలు తేల్చేది గడ్డ ఎక్కడుందన్నదే. అంచున, పక్కటెముకల దగ్గరుంటే గొట్టం అంత దూరం చేరడం కష్టం, ముక్క సరిగా రాకపోతే మళ్లీ మొదటికే, అప్పుడు సూదే మేలు. పెద్ద శ్వాసనాళాల పక్కనో, ఛాతీ మధ్యలోని లింఫ్ గ్రంథుల్లోనో ఉంటే బ్రాంకోస్కోపీయే. బీడీలు తాగి ఊపిరితిత్తులు ఉబ్బిపోయినవాళ్లకి సూదితో గాలి చేరే ముప్పు ఇంకా పెరుగుతుంది. పెదనాన్నది 30 ఏళ్ల బీడీ అలవాటు, గడ్డేమో నడిమధ్యన, కాబట్టి గొట్టానికే ఒప్పుకున్నాం.

రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పి తీరాలి. క్లోపిడోగ్రెల్ సాధారణంగా కొన్ని రోజుల ముందు ఆపిస్తారు, కానీ గుండెలో స్టెంట్ ఉంటే మీ అంతట మీరు ఆపకండి. సంతకం పెట్టే కాగితం ఇంగ్లిష్‌లోనో తమిళంలోనో ఉంటే తెలుగులో చెప్పమని అడగండి, మాకు ఒక నర్సమ్మ ఓపిగ్గా చెప్పింది.

బయటికి రాగానే పెదనాన్న కాఫీ అడిగాడు. గొంతుకి ఇచ్చిన మత్తుమందు తిమ్మిరి వదలకుండా తాగితే ఊపిరితిత్తిలోకి పోతుందని 2 గంటలు ఆపి, ముందు ఒక గుక్క నీళ్లు తాగించి చూశాకే ఇచ్చాం.