ఒకే షాఫ్టు మీద రెండు పంపులు: మా 40 టన్నుల ప్రెస్సుకు తీసుకున్న టాండెమ్ పవర్ ప్యాక్

విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డులో లారీల బేరింగులు, బుష్‌లు, కింగ్ పిన్‌లు దించి ఎక్కించే 40 టన్నుల హైడ్రాలిక్ ప్రెస్సుకు నాలుగు నెలల క్రితం కొత్త పవర్ ప్యాక్ (ప్రెస్సుకు ఒత్తిడితో ఆయిల్ పంపే మోటారు, పంపులు, ట్యాంకుల సెట్టు) కొన్నాము. పాతదానికి రెండు మోటార్లు, రెండు పంపులు ఉండేవి. కొత్తదానిలో ఒక్కో చుట్టుకు 16 సీసీ, 4 సీసీ ఆయిల్ ఇచ్చే గేర్ పంపులు ఒకదాని వెనుక ఒకటి, అంటే టాండెమ్‌గా, బిగించి ఉంటాయి; రెండింటినీ 5 హెచ్‌పీ మోటారు ఒక్కటే తిప్పుతుంది. ప్యాకు మొత్తం ప్రెస్సు కాలి పక్కన ఇమిడిపోయింది.

ఈ అమరికలోని తెలివి లెక్క వేసి చూస్తేనే అర్థమవుతుంది. మోటారు 1440 ఆర్‌పీఎంతో తిరిగితే పెద్ద పంపు నిమిషానికి 23 లీటర్లు, చిన్నది 6 లీటర్ల లోపు ఆయిల్ ఇస్తాయి. మా సిలిండర్ బోరు 160 మిల్లీమీటర్లు కనుక, రెండూ కలిసి పనిచేసినప్పుడు పిస్టన్ సెకనుకు దాదాపు 24 మిల్లీమీటర్ల వేగంతో దిగుతుంది. అది జాబ్‌ను (నొక్కవలసిన భాగాన్ని) తాకి ప్రెషర్ 40 బార్ దాటగానే అన్‌లోడింగ్ వాల్వ్ పెద్ద పంపు ఆయిల్‌ను లోడు లేకుండా ట్యాంకులోకి మళ్లిస్తుంది. అక్కడి నుంచి 200 బార్ దాకా నెట్టేది చిన్న పంపు ఒక్కటే, అదీ సెకనుకు 5 మిల్లీమీటర్ల లోపు వేగంతో. బుష్ ఎక్కించేటప్పుడు మాకు కావలసిన నిదానం సరిగ్గా ఇదే, ఎందుకంటే బుష్ వంకరగా పట్టుకుంటే లివర్ వదలడానికి వ్యవధి దొరుకుతుంది. నష్టాలు కలపకుండా చూస్తే రెండు దశల్లోనూ పడే లోడు 2 కిలోవాట్ల లోపే. ఇదే పని 20 సీసీ పంపు ఒక్కదానితో చేయిస్తే 200 బార్ దగ్గర 10 కిలోవాట్లకు చేరువగా పడేది, 15 హెచ్‌పీ మోటారు పెట్టవలసి వచ్చేది.

పెద్ద పంపును మోటారు వైపు పెట్టడం కూడా సరైన పనే. ముందు పంపు షాఫ్టు రెండు పంపుల టార్కునూ (తిప్పే బలాన్నీ) మోయాలి. వెనుక పంపును తిప్పే స్ప్లైన్ (షాఫ్టుల పళ్ల జోడింపు) మీద చిన్న పంపు భారం మాత్రమే పడుతుంది.

లోపం సక్షన్‌లో, అంటే పంపులు ట్యాంకు నుంచి ఆయిల్ లాగే దారిలో వచ్చింది. స్విచ్ వేసింది మొదలు, డబ్బాలో కంకర పోసి ఊపినట్టు ఒకటే మోత, ఆయిల్ చల్లగా ఉండే ఉదయం వేళ మరీ ఎక్కువగా. అన్‌లోడ్ అయినా పెద్ద పంపు ఆయిల్ లాగుతూనే ఉంటుంది కనుక ఆ మోత ఆగేది కాదు. గేర్ పంపులకు శబ్దం సహజమని, కొన్నాళ్లకు సర్దుకుంటుందని అమ్మినవారు చెప్పిన మాట నేను ఒప్పుకోలేదు. విప్పి చూస్తే, రెండు పంపులకూ కలిపి ఇచ్చిన 1 అంగుళం సక్షన్ పోర్టుకు సైజు తగ్గించే రెడ్యూసర్ వేసి ముప్పావు అంగుళం హోస్ బిగించి ఉంది. ఆ సందులో ఆయిల్ సెకనుకు 1.7 మీటర్ల వేగంతో పరుగెత్తాలి. సక్షన్‌లో అది 1 మీటరు దాటకపోవడం మంచిది. రెడ్యూసర్ తీసేసి 1 అంగుళం హోస్, పెద్ద స్ట్రెయినర్ (ఆయిల్ వడకట్టే జాలీ) వేయించాక మోత పూర్తిగా పోయింది. గమనించకపోతే, ఆయిల్ సరిగా అందక పుట్టే బుడగలు పగిలే దెబ్బకు కొత్త పంపు గేర్లు, సైడ్ ప్లేట్లు గుంటలు పడి పాడయ్యేవి.

ఇంకొక ఇబ్బంది మిగిలే ఉంది. స్ట్రెయినర్ శుభ్రం చేయాలంటే మోటారుతో సహా ట్యాంకు పైమూతను చైన్ బ్లాకుతో లేపవలసి వస్తోంది. ట్యాంకు పక్కన చేయి దూరేంత మూత ఉంటే సరిపోయేది. ఆర్డరు ఇచ్చేవారు ఆ మూతనూ సక్షన్ హోస్ సైజునూ డ్రాయింగులోనే రాయించుకుంటే, ఈ ప్యాకు నిస్సందేహంగా కొనదగినదే.