నగయలు ఎక్కడ చూడాలి, ఎక్కడ బస చేయాలి: టోక్యో, ఒసాకా

నగయ అంటే ఒకే కప్పు కింద, పక్క గోడలు పంచుకుంటూ వరుసగా కట్టిన అద్దె వాటాలు. ఎదో (ఇప్పటి టోక్యో)లో చేతిపనివాళ్లు, కూలీలు, వీధి వర్తకులు వీటిలోనే కాపురముండేవారు. చూడదలచినవాళ్లకు మా సలహా ఒకటే: గది ఎంత చిన్నదో తెలుసుకోవడానికి టోక్యో వెళ్లండి, రాత్రి బస మాత్రం ఒసాకాలో పెట్టుకోండి. టోక్యో పాతపేటలు 1923 భూకంపంలో, 1945 బాంబుదాడుల్లో చాలావరకు కాలిపోయాయి. ఒసాకాలో దాడులు తప్పించుకున్న పేటల్లో ఇప్పటికీ జనం ఉంటున్నారు.

టోక్యోలో ఫుకగవ ఎదో మ్యూజియం తప్పక చూడాలి. కియొసుమి-షిరకవ స్టేషన్ ఏ3 ద్వారం నుంచి మూడు నిమిషాల నడక. టికెట్ 400 యెన్‌లు. వెళ్లేముందు ధర, సెలవు రోజులు సరిచూసుకోండి. 1840ల నాటి పేటను నిలువెత్తున కట్టి, చెప్పులు విప్పి లోపలికి వెళ్లనిస్తారు. గుల్లల మాంసం అమ్మేవాడి వాటాలో కాసేపు కూర్చోండి. వెడల్పు 2.7 మీటర్లు, లోతు 3.6 మీటర్లు, అంటే సుమారు 12 గజాలు. అందులో వాకిలి దగ్గరి మట్టినేల మీదే పొయ్యి, నీళ్ల తొట్టి. మిగిలింది నాలుగున్నర తతామి (నేలంతా పరిచే దళసరి గడ్డి చాప) పట్టే చోటు. సంసారమంతా అక్కడే. పరుపులు పగలు మూలన మడతపెట్టాల్సిందే. ఇంతకన్నా ఉక్కపోసేవి కప్పు వెన్ను కింద అడ్డగోడ కట్టి, వీపులు ఆనించినట్టు రెండువైపులా వాటాలు తీసినవి. వాటికి మూడుపక్కలా గోడలే. గాలీ వెలుతురూ ముందు తలుపు నుంచే రావాలి. అగ్నిప్రమాదాలు తరచూ జరిగే ఊళ్లో ఎలాగూ కాలిపోయేదే కదా అని యజమానులు చవకగా కట్టించేవారు. అందుకే గోడలు అంత పలచన.

సందులో ఉమ్మడి బావి, చెత్తకుండీ, మరుగుదొడ్డి ఉంటాయి. మలాన్ని రైతులు ఎరువుగా కొనేవారు, ఆ డబ్బు నగయ పెద్దకు (యజమాని తరఫున వాటాలు చూసుకునేవాడికి) చేరేది. ఫుకగవలో భూగర్భజలం ఉప్పన కాబట్టి తాగునీళ్లు కొనుక్కునేవారు. ఈ సంగతులు బోర్డుల మీద తక్కువ. స్వచ్ఛంద గైడ్‌లు ఉచితంగా చెబుతారు, వాళ్లను తప్పక అడగండి.

ఒసాకాలో తనిమచి మెట్రో లైన్ ఒక్కటి పట్టుకుంటే చాలు. తెంజిన్‌బషిసుజి 6-చోమెలో దిగితే స్టేషన్‌ను ఆనుకున్న భవనంలోనే ఒసాకా నివాస మ్యూజియం (600 యెన్‌లు) ఉంది. తొమ్మిదో అంతస్తులో 1830ల నాటి పట్నం, వెనక సందులో నగయ. ఎదోలో మరుగుదొడ్డికి సగం తలుపే, ఇక్కడ నిండు తలుపు. ఒసాకా వాటాలను తతామి కొలతకే కట్టేవారు కనుక చాపలు, తలుపులు లేకుండా ఉత్తగదినే అద్దెకిచ్చేవారు. ఇల్లు మారేటప్పుడు చాపలూ వెంట వచ్చేవి, కొత్తింట్లో సరిగ్గా అమరేవి. ఆ సందులో తీరిగ్గా గడపడం మేలు.

అదే లైన్‌లో నకజకిచో నగయలు కెఫేలయ్యాయి, శని ఆదివారాలు రద్దీ. ఫుమినొసతో దగ్గరి తెరనిషి నగయ 2003లో దేశంలోనే తొలి నగయగా సాంస్కృతిక సంపద రిజిస్టర్‌కెక్కింది. నాలుగు వాటాల్లో భోజనశాలలున్నాయి, లోపల చూడాలంటే భోజనానికి వెళ్లడమే మార్గం.

నగయలో బస బుక్ చేసేముందు ప్రకటనలో లైసెన్సు లేదా నమోదు సంఖ్య ఉందో లేదో చూడండి, లేకపోతే వదిలేయండి. మెట్లు నిచ్చెనంత నిటారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కింద గదిలో పడక కావాలని ముందే రాయండి. తలుపు పైకమ్మి 5 అడుగుల 8 అంగుళాల దగ్గరే ఉంటుంది, పొడగరులకు తల తగులుతుంది. చాలాచోట్ల సిబ్బంది ఉండరు, కోడ్‌తో తలుపు తీసుకోవాలి. సామాను కొరియర్‌లో ముందుగా పంపితే అందుకునేవాళ్లుండక డిపోకి తిరిగిపోతుంది. చక్రాల పెట్టె రాత్రిపూట సందులో ఈడ్వకండి, చేత్తో మోయండి. వంటగది ఉందని ఎండుమిరప తాలింపు వేస్తే ఘాటు పక్కవాటాకూ చేరుతుంది, పొగ అలారమూ మోగవచ్చు. చెత్త వేసే చోటు, రోజు యజమానినే అడగాలి.

జూలై, ఆగస్టుల్లో పెంకుల కింది పైగది ఉడికిస్తుంది, జనవరిలో హీటర్ ఉన్న గది తప్ప ఇల్లంతా చలే. నవంబరు అన్నిటికన్నా మంచిది. ఓపెన్ నగయ ఒసాకా అనే కార్యక్రమం జరిగేదీ అప్పుడే. మామూలుగా బయటివాళ్లు వెళ్లలేని ఇళ్లను నివాసులే తెరిచి చూపిస్తారు. కొన్నింటికి ముందే పేరు నమోదు అడుగుతారు కాబట్టి తేదీలు ప్రకటించాకే విమానం టికెట్ తీసుకోండి.