బరంపురంలో మా 1974 అంబాసిడర్‌కి ముందు అద్దం రబ్బరు మార్పించాం

మా తాతగారి అంబాసిడర్ మార్క్ 2 మూడు వానాకాలాలుగా లోపలికి కారుతూనే ఉంది. వాన మొదలైన పది నిమిషాలకి డాష్‌బోర్డు ఎడమ మూలలో ఒక చుక్క, ఆ తర్వాత సన్నటి ధార, అరగంట నడిపితే అమ్మ కూర్చునే వైపు మ్యాట్ కింద మడుగు. అమ్మ పాపం కాళ్ల దగ్గర పాత తువ్వాలు పరుచుకుని కూర్చునేది. ఈ జూలైలో పాత బస్టాండు వైపు సందులో ఉన్న ఒక ముసలి మిస్త్రీ దగ్గర రబ్బరు మొత్తం మార్పించాం. ఆ తర్వాత నాలుగు పెద్ద వానలు పడ్డాయి, ఒక్క చుక్క లోపలికి రాలేదు. ఒడిశాలో గంజాం, గజపతి, రాయగడ వైపు మన తెలుగువాళ్ల ఇళ్లలో ఇలాంటి పాత బండ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు మా డబ్బులు ఎలా పోయాయో చెప్పాలి. రెండేళ్ల కిందట వేరే ఒక షాపులో చూపిస్తే, రబ్బరు బాగానే ఉంది, చుట్టూ సిలికాన్ కొట్టేస్తే సరిపోతుందన్నారు. అరగంటలో పని అయిపోయింది, 600 తీసుకున్నారు, బండి లోపల రెండు రోజులు వెనిగర్ వాసన. ఆ వాసన వచ్చే రకం సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుందని, రంగు పోయిన ఉత్త ఇనుము మీద అది పడితే తుప్పు ఇంకా రేగుతుందని అప్పుడు మాకు తెలియదు. పైగా బయట అంచు మూసేశారు కానీ పగుళ్లలోంచి లోపలికి దూరిన నీళ్లు బయటికి వచ్చే దారి కూడా దాంతోనే మూసుకుపోయింది. రబ్బరు కింద నీళ్లు నిలిచిపోయి రేకుని తినేశాయి. అసలే గోపాల్‌పూర్ సముద్రం దగ్గర ఊరు మాది, ఉప్పు గాలికి మామూలుగానే తుప్పు ఎక్కువ.

ఈ మిస్త్రీ గారు ఒడియా ఆయన, తెలుగు మనలాగే మాట్లాడతారు. మొదటి రోజు రబ్బరు ముట్టుకోలేదు. "కారేది అద్దం దగ్గరేనని మీకెవరు చెప్పారు బాబూ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. లోపల డాష్‌బోర్డు మీద, అద్దం కింది అంచు పొడవునా సుద్దపొడి చల్లి, కుర్రాడి చేత బయట పైపుతో నీళ్లు పట్టించారు. పైపు ముందు కింద, కాసేపయ్యాక పక్కలకి, చివరికి పైన. మొదటే పైనుంచి పోస్తే నీళ్లు అన్నిచోట్లకీ జారిపోయి ఎక్కడ దూరిందో తెలియదట. నీళ్లు వచ్చిన దారి సుద్దలో గీతలా కనపడింది. ఒకటి కాదు, రెండు గీతలు! ఒకటి అద్దం ఎడమ కింది మూల, రెండోది వైపర్ కాడ బయటికి వచ్చే కన్నం దగ్గర. ఆ కన్నంలో వాషరు ఎండి చిట్లిపోయి ఉంది. అద్దం రబ్బరు ఒక్కటే మార్చి ఉంటే ఆ రెండో దారి అలాగే ఉండేది, మేం రబ్బరు పాడని తిట్టుకునేవాళ్లం.

రబ్బరు సంపాదించడం పెద్ద పని అయింది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, కంపెనీ సామాను అనే మాట లేదు. ఊళ్లో ఒక చోట దొరికిన రబ్బరు తీసుకెళ్తే మిస్త్రీ గారు ఒక చివర కోసి, పాతదాని ముక్క పక్కన పెట్టి చూపించారు. రబ్బరుకి రెండు గాడులుంటాయి, ఒకదాంట్లో అద్దం అంచు కూర్చుంటుంది, రెండోది బండి రేకు అంచుని పట్టుకుంటుంది. కొత్తదాంట్లో రేకు పట్టే గాడి బాగా వెడల్పు, బిగింపు ఉండదు. మడిచి చూస్తే మడత మీద అప్పుడే సన్నటి పగుళ్లు. తిరిగి ఇచ్చేశాం. చివరికి కోల్‌కతాలో ఉండే మా చిన్నాన్న మల్లిక్ బజార్‌లో వెతికి పంపించారు, 1,650 పడింది. ఆయనకి పాత రబ్బరు ముక్క ఫొటో స్కేలు పక్కన పెట్టి తీసి పంపాను. మీరూ అలాగే చెయ్యండి. బండి మోడల్ పేరు చెప్పి అడిగితే మార్క్ 4ది ఇచ్చి అదే ఇది అంటారు.

పాత రబ్బరు తీసేటప్పుడు దాన్ని కాపాడాలని చూడలేదాయన. బయటి పెదవిని బ్లేడుతో చుట్టూ కోసేసి, లోపలి నుంచి ఇద్దరు అరచేతులతో మెల్లగా తోస్తే అద్దం బయటికి వచ్చింది. స్క్రూడ్రైవర్ దగ్గరికి కూడా రానివ్వలేదు. పాత బండి అద్దం టఫెన్డ్ రకం, మధ్యలో తాకితే తట్టుకుంటుంది కానీ అంచు మీద చిన్న గాటు పడినా మొత్తం గులకరాళ్లలా రాలిపోతుంది. ఈ అద్దం 1974 నుంచి ఉన్నది. అది బయటికి వచ్చి దుప్పటి మీద పడుకునేదాకా నాకున్న టెన్షన్ అంతా ఇంతా కాదు.

అద్దం వచ్చాక అసలు సంగతి కనపడింది. ఎడమ మూలలో రేకు అంచు నాలుగు అంగుళాల మేర గోధుమ పొడి అయిపోయింది, మిస్త్రీ గారు వేలితో నొక్కితే వేలు దిగిపోయింది. నాకు కడుపులో తిప్పింది. తాతగారు ఈ బండిని తుడవకుండా షెడ్డులో పెట్టేవారు కాదు.

ఆ రోజే రబ్బరు బిగించేస్తే బండి ఇంటికి తీసుకుపోవచ్చని నేనన్నాను. "బిగించమంటే బిగిస్తాను. వచ్చే ఏడు మళ్లీ నా దగ్గరికే వస్తారు, అప్పుడు రెండింతలు తీసుకుంటాను" అన్నారు. నేను ఈ షాపు గురించి రాయడానికి ఆ మాటే కారణం. కుళ్లిన ముక్క కోసి, కొత్త రేకు అతికించి వెల్డింగు చేశారు. చుట్టూ తీగ బ్రష్‌తో మెరిసేదాకా గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, దాని మీద రంగు వేసి, రెండు రోజులు ఆరనిచ్చారు. తడి రంగు మీద రబ్బరు కూర్చుంటే అతుక్కుని రంగు ఊడొస్తుంది, మళ్లీ ఇనుము బయటపడుతుంది. అద్దం రబ్బరు పని అంటాం కానీ ఇందులో సగానికి పైగా ఈ రేకు పనే.

బిగించే రోజు నేను పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాను. రబ్బరుని గంటసేపు ఎండలో పెట్టి మెత్తబడనిచ్చి ముందు అద్దానికి చుట్టారు. జాయింటు పై భాగంలో వచ్చేలా పెట్టారు, నీళ్లు నిలిచే కింది అంచులో జాయింటు వద్దన్నారు. రేకు పట్టే గాడిలో చుట్టూ నైలాన్ తాడు దూర్చి, రెండు కొసలూ కింద మధ్యలో ఒకదాని మీద ఒకటి దాటించి లోపలికి వదిలారు. రబ్బరుకి సబ్బు నీళ్లు రాశారు. గ్రీజు రాస్తే తొందరగా జారుతుంది కదా అని కుర్రాడు డబ్బా తెస్తే గట్టిగా కేకలేశారు, నూనె తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది. బయట ఇద్దరు అద్దాన్ని అదిమి పట్టుకుని అరచేత్తో తడుతుంటే, లోపల ఆయన తాడుని అద్దం మధ్య వైపుకి కొంచెం కొంచెం లాగుతూ వచ్చారు. తాడు వస్తున్నకొద్దీ రబ్బరు పెదవి రేకు మీదికి ఎక్కి కూర్చుంటోంది. మూలల దగ్గర పది నిమిషాలేసి పట్టింది. బలం పెట్టలేదు, మళ్లీ సబ్బు నీళ్లు, మళ్లీ తట్టడం. అంతా కూర్చున్నాక రబ్బరు పెదవుల కింద గట్టిపడని రకం సీలెంటు సన్నగా ఎక్కించి, పొంగింది తుడిచేశారు. వైపర్ వాషర్లు రెండూ మార్చారు.

ఖర్చు: రబ్బరు కాక వెల్డింగు, రంగు కలిపి 2,800, బిగింపు కూలి 1,500, వాషర్లూ సీలెంటూ 350.

నచ్చనివీ చెప్పాలి. రెండు రోజులన్న పని ఆరు రోజులైంది, ఆలస్యమని ఒక్కసారీ ఫోన్ చెయ్యలేదు, నేనే రోజూ వెళ్లాను. కాగితం మీద బిల్లు ఇవ్వరు. అద్దం లేకుండా బండి రెండు రాత్రులు షెడ్డు అంచున, పైన టార్పాలిన్ మాత్రమే కప్పి ఉంది. వాన పడి ఉంటే సీట్లు నానేవి, అది నాకు అస్సలు నచ్చలేదు, ఆయనతో చెప్పాను కూడా. రంగు షేడు కొంచెం ముదురుగా వచ్చింది, రబ్బరు కిందే కాబట్టి బయటికి కనపడదు.

ఇంకొకటి, ఇంత పాత బండిని వింటేజ్‌గా ఎందుకు రిజిస్టర్ చేయించలేదని చాలామంది అడుగుతున్నారు. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కానీ అలా చేయిస్తే ప్రదర్శనలకి, ర్యాలీలకి, రిపేరుకి తప్ప రోజువారీ రోడ్డు మీద తిప్పకూడదు. చైత్రంలో మంగళవారం అమ్మని తారాతారిణి అమ్మవారి గుడికి తీసుకెళ్లే బండి ఇది. అందుకే చేయించలేదు.

బండి వచ్చిన వారానికి దిగపహండి మీదుగా తప్తపాణి ఘాట్ ఎక్కాం. ఘాట్ మొదట్లో పట్టుకున్న వాన దిగేదాకా వదల్లేదు, వైపర్లు ఆగకుండా ఆడుతూనే ఉన్నాయి. అమ్మ అలవాటుగా తువ్వాలు తెచ్చుకుంది, మధ్యలో రెండుసార్లు వంగి మ్యాట్ కింద చెయ్యి పెట్టి చూసింది. దిగాక ఆ తువ్వాలు మడతపెట్టి డిక్కీలో పడేసింది. వెనక అద్దం రబ్బరు కూడా ఎండిపోయింది, చిన్నాన్నకి ఫొటో పంపించాను, దసరా అయ్యాక తెమ్మన్నారు మిస్త్రీ గారు.