పాపికొండలకు ఏ దారి మేలు: రాజమహేంద్రవరమా, పోచవరమా?

కార్తీకం దగ్గరపడితే చాలు, అందరిదీ ఇదే ప్రశ్న: గోదావరి మీద పాపికొండలు చూడ్డానికి రాజమహేంద్రవరం వైపు నుంచి పడవ ఎక్కాలా, భద్రాచలం వైపునున్న పోచవరంలో ఎక్కాలా? కొండలు అవే, పేరంటపల్లి శివాలయమూ అదే కాబట్టి చాలామంది రైలు వేళలు, టికెట్ ధర చూసుకుని తేల్చేస్తారు. నాకు మాత్రం కొండల మధ్యకు చేరేలోపు ఏ ఊళ్ల మీదుగా వెళ్తామన్నదే ముఖ్యం.

రాజమహేంద్రవరం దారి సుఖమైనది. రైళ్లున్నాయి, విమానాశ్రయం ఉంది. గండిపోచమ్మ రేవు దాకా రోడ్డున వెళ్లి పడవ ఎక్కితే పగలంతా గోదావరి మీదే. పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లేవారు ఇంకో ఆలోచన పెట్టుకోనక్కర్లేదు. కానీ ఆ పడవ చాలాసేపు సాగేది పోలవరం ప్రాజెక్టు ఎగువ కాఫర్ డ్యామ్ (నిర్మాణం కోసం నదికి అడ్డంగా కట్టిన తాత్కాలిక కట్ట) వెనక నిలిచిన నీటిలో. దేవీపట్నం మండలంలో ఒడ్డునున్న ఊళ్లు ఖాళీ అయి, జనం పునరావాస కాలనీలకు వెళ్లిపోయారు. 2019 సెప్టెంబరులో పడవ మునిగిన కచ్చులూరు కూడా ఈ దారిలోదే. పైగా పేరంటపల్లి చివరి మజిలీ కావడంతో తిరుగు ప్రయాణం తొందరలో అక్కడ నిలిచే సమయం తక్కువ.

పోచవరం దారిలో ఊళ్లు ఇంకా ఊళ్లుగానే ఉన్నాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది. అది దాటితే 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన మండలాలు మొదలవుతాయి. కూనవరంలో శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. అక్కడ తప్పక ఆగండి. దారి పొడవునా మిరప చేలు, కోయ గూడేలు. చదును నేలల్లో సాగు చేసుకునే కోయలకు సొంత భాష ఉంది. కొండవాలున పోడు వ్యవసాయం, వెదురు మీద బతికే కొండరెడ్డి గిరిజనులు మాట్లాడేది తెలుగే. ఇంత దగ్గరగా ఉండే ఈ రెండు జీవితాల తేడా పడవలోంచి తెలియదు, రోడ్డు మీద తెలుస్తుంది. పేరంటపల్లిలో కొండరెడ్లు అమ్మే వెదురు వస్తువులకు దయచేసి బేరమాడకండి.

పోలవరం ప్రాజెక్టులో నీటిని పూర్తి మట్టం 45.72 మీటర్ల దాకా నింపితే కూనవరం, వరరామచంద్రాపురం మండలాల్లోని ఈ ఊళ్లు చాలావరకు మునుగుతాయి. రైలు దిగాక రోడ్డు ప్రయాణం ఎక్కువైనా నేను పోచవరమే మేలనడానికి అసలు కారణం ఇదే. రాజమహేంద్రవరం నుంచి తర్వాతైనా వెళ్లవచ్చు.

మారేడుమిల్లి గురించీ అడుగుతుంటారు. అడవి, ఘాట్ రోడ్డు, బొంగులో చికెన్ బాగుంటాయి, కానీ అక్కడ గోదావరి లేదు.

ఏ దారైనా నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి. వానాకాలంలో భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. వరద రోజుల్లో పడవలు ఆపేస్తారు. పోచవరం వెళ్లేవారు ముందురోజు రాత్రికే భద్రాచలం చేరుకుని తెల్లవారుజామునే బయలుదేరితే కూనవరంలో ఆగడానికి వ్యవధి ఉంటుంది.