పెట్రోల్ గడ్డి మిషనా, బ్యాటరీదా? కోసే మనిషికి ఏది మేలు?

బ్రష్ కట్టర్, అంటే భుజాన వేసుకుని గడ్డి కోసే మిషన్, కొనేటప్పుడు అందరూ అడిగేవి అవే ప్రశ్నలు: ఎంత లాగుతుంది, లీటరుకు ఎంతసేపు నడుస్తుంది, స్పేర్లు ఎక్కడ దొరుకుతాయి అని. మిషన్ భుజాన వేసుకుని పొద్దస్తమానం నిలబడే మనిషి చెవులు, వేళ్లు, కళ్లు ఆ లెక్కలోకి రావు. ఇక్కడ నేను ఆ లెక్కే వేస్తున్నాను. హైదరాబాద్‌లో తెల్లాపూర్, కొంపల్లి వైపు అపార్ట్‌మెంట్లు, విల్లాల లాన్లు చూసుకునే నలుగురైదుగురి చిన్న టీమ్‌ను మనసులో పెట్టుకుని రాస్తున్నా. పొలం గట్లు కోసేవాళ్లకు జవాబు కొంచెం మారుతుంది.

నా మాట ముందే చెప్పేస్తాను, అపార్ట్‌మెంట్ పనికి బ్యాటరీదే మేలు. దానికి మొదటి కారణం చప్పుడు. పెట్రోల్ మిషన్ల మాన్యువల్ తీసి చూస్తే, కోసేవాడి చెవి దగ్గర శబ్దం ఎక్కువగా 95 నుంచి 105 డెసిబెల్స్ మధ్య ఉంటుంది. అమెరికాలో పనిచోట ఆరోగ్యం మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ అయితే 8 గంటలు ఉండొచ్చు, అక్కడి నుంచి 3 పెరిగిన ప్రతిసారీ సమయం సగం అవుతుంది. అలా వేసుకుంటూ పోతే 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. మనవాళ్లు ఆ మిషన్‌ను పూటంతా నడుపుతారు, చెవిలో కాస్త దూది పెట్టుకుని. దూది పనిచేయదు, ఇయర్ మఫ్ కావాలి. చిన్న బ్యాటరీ మిషన్లు చాలావరకు 75 నుంచి 90 లోపే ఉంటాయి. చెవుడు ఒక్కరోజులో రాదు కాబట్టి ఎవరూ దాన్ని ప్రమాదం అనుకోరు, పోయిన వినికిడి మాత్రం మళ్లీ రాదు.

తర్వాత వణుకు. ఇంజిన్ వణుకు హ్యాండిల్ మీదుగా చేతుల్లోకి వస్తుంది. ఏళ్ల తరబడి అలా పనిచేస్తే వేళ్లు తిమ్మిరెక్కడం, చల్లగాలికి తెల్లబడడం, చిన్న స్క్రూ కూడా పట్టు దొరక్కపోవడం మొదలవుతాయి. బ్యాటరీ మిషన్లలో ఇది సాధారణంగా తక్కువ. అయితే ఒకవైపు అరిగిన బ్లేడు పెడితే ఏ మిషనైనా వణుకుతుంది.

పొగ సంగతి చాలామంది పట్టించుకోరు. టూ స్ట్రోక్ ఇంజిన్ పెట్రోల్‌తో పాటు ఆయిల్‌ను కూడా కాలుస్తుంది, కొంత కాలకుండానే బయటికి వదిలేస్తుంది, అందులో కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుంది. బయట మైదానంలో గాలికి పోతుంది గానీ, కాంపౌండ్ గోడకూ బిల్డింగ్‌కూ మధ్య ఉన్న సందులో కోస్తుంటే అక్కడే నిలిచిపోతుంది, అదంతా పీల్చేది కోసే మనిషే. పెట్రోల్ తప్పదనుకుంటే ఫోర్ స్ట్రోక్ తీసుకోండి, చాలావాటిలో ఆయిల్ కలిపే పని ఉండదు, పొగా తగ్గుతుంది. ఇక పెట్రోల్ పోయడం. సైలెన్సర్ వేడి మీద ఉండగానే ట్యాంక్ మూత తీయడం, పక్కనే బీడీ, మంచినీళ్ల సీసాలోనో కూల్‌డ్రింక్ సీసాలోనో పెట్రోల్ పోసి వాచ్‌మన్ గదిలో పెట్టడం, ఇవన్నీ రోజూ కనిపించేవే. ఆ గదిలో పిల్లలుంటారు, దాహమేసి తాగేస్తే ఏమవుతుందో ఆలోచించండి. క్యాన్ వేరుగా కొనండి, మీద పెద్దగా రాయండి.

అలాగని బ్యాటరీదాన్ని గుడ్డిగా నమ్మొద్దు. దాని చెడ్డ గుణం దాని నిశ్శబ్దమే. పెట్రోల్ మిషన్ నడుస్తుంటే వీధి చివరికి వినపడుతుంది. బ్యాటరీది మాత్రం ఆగి ఉన్నట్టే కనిపిస్తుంది, చుట్టుకున్న గడ్డి పీకుదామని చెయ్యి పెడతారు, ఇంకో చెయ్యి ట్రిగ్గర్‌కు తగులుతుంది. గడ్డి పీకేముందు బ్యాటరీ ఊడదీసి కింద పెట్టాలి, ఈ ఒక్క అలవాటు లేని టీమ్‌కు నేను బ్యాటరీ మిషన్ కొనమని చెప్పను. ఎండాకాలం ఇంకో తలనొప్పి. 40 డిగ్రీలు దాటిన చోట ఛార్జింగ్ పెట్టొద్దని చాలా కంపెనీలు చెబుతాయి, మన మే నెల సంగతి తెలిసిందే. ఎండలో నిలిపిన ట్రాలీ ఆటోలో బ్యాటరీని వదిలేయొద్దు, ఉబ్బిన బ్యాటరీని మళ్లీ ఛార్జ్ చేయొద్దు. నడుము ఎత్తు గడ్డి పెరిగిన ఖాళీ ప్లాటుకు మాత్రం చిన్న బ్యాటరీ మిషన్ చాలదు, ఊరికే సతాయిస్తుంది. అక్కడికి పెట్రోల్ మిషన్ అద్దెకు తెచ్చుకోవడం నయం.

వైరుతో నడిచే కరెంటు మిషన్ చవక, తేలిక. కానీ తడి లాన్ మీద వైరు లాగుతూ, ఆ వైరునే కోసుకునే ప్రమాదం ఉన్న పని అది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) లేని ప్లగ్గుకు తగిలించేట్టయితే అసలు వద్దు.

ఇంత చెప్పాక, మనిషిని ఆసుపత్రికి పంపేది ఎక్కువగా ముందు తిరిగే వస్తువే అని కూడా అనాలి. నైలాన్ తీగా, ఇనుప బ్లేడా? ఇళ్ల మధ్య నైలాన్ తీగే. అదీ రాళ్లు లేపుతుంది, కానీ కాలికి తగిలితే దెబ్బతో పోతుంది. బ్లేడు తెంపేస్తుంది. పైగా చాలా మిషన్లలో బ్లేడు కుడి నుంచి ఎడమకు తిరుగుతుంది, ముందువైపు కుడి భాగం మొద్దుకో కర్బ్ రాయికో తగిలితే మిషన్ మొత్తం పక్కకు తన్నుతుంది. తీగ తొందరగా అరిగిపోతోందని ఇనుప తీగ మెలిపెట్టి కట్టేవాళ్లూ, గొలుసు ముక్కల హెడ్ కొని బిగించేవాళ్లూ ఉన్నారు. దయచేసి వద్దు. ఇనుప ముక్క తెగితే తూటాలా వెళ్తుంది. ఇలా గొలుసు లింకులతో చేసిన హెడ్‌ల అమ్మకాన్ని యూరప్ దేశాల్లో ఆపేయాలని 2012లో యూరోపియన్ కమిషన్ నిర్ణయం ఇచ్చింది, మనకు ఆన్‌లైన్‌లో ఇలాంటివి సులువుగా దొరుకుతున్నాయి.

తీగ, బ్లేడు మీద ఉండే గార్డు ఊడదీయొద్దు. కోసేటప్పుడు మిగతావాళ్లు ఉండాల్సిన దూరం మాన్యువల్లో 15 మీటర్లు అని రాస్తారు, అపార్ట్‌మెంట్‌లో అంత చోటు దొరకదు కాబట్టి పిల్లలు స్కూలుకు వెళ్లిన తర్వాత, కార్లు కదిలిన తర్వాత కోయండి, ఒక మనిషి చుట్టుపక్కల చూస్తూ నిలబడాలి. ఆ మనిషి కోసేవాడిని వెనక నుంచి తట్టి పిలవకూడదు. వాడు మిషన్‌తో సహా తిరుగుతాడు. ముందు నుంచి, దూరంగా నిలబడి చెయ్యి ఊపాలి.

ఉన్న డబ్బు బ్యాటరీ మిషన్‌కు సరిపోకపోతే, పాత పెట్రోల్ మిషన్‌తోనే ఉండి ముందు జాలీ ఉన్న ఫేస్ షీల్డు, దాని లోపల కళ్లద్దాలు, ఇయర్ మఫ్, మోకాలి దాకా గమ్‌బూట్లు కొనండి. రక్తపింజర ఉన్న గడ్డిలో చెప్పులతో దిగకుండా ఆపేవి ఆ బూట్లే. 10 మంది లేని టీమ్‌కు ఈఎస్‌ఐ సాధారణంగా ఉండదు కాబట్టి ప్రతి మనిషికీ ప్రధానమంత్రి సురక్షా బీమా చేయించండి, ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో ఒక కంటి చూపు పూర్తిగా పోతే లక్ష, ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు. అది జూన్ 1 నుంచి మే 31 వరకే నడుస్తుంది. మే నెలాఖరులో వాళ్ల ఖాతాలో ఆ 20 రూపాయలు ఉన్నాయో లేదో టీమ్ నడిపేవాళ్లే చూడాలి.