పాత పికప్‌కు తక్కువ ఖర్చులో కొత్త బలం: రాణీగంజ్, ఆటోనగర్ రివ్యూ

పదేళ్లు దాటిన పికప్, దాని మీద పెట్టడానికి 40 వేలకు మించని డబ్బు. ఈ లెక్కతో హైదరాబాద్‌లో తిరగాల్సిన చోట్లు రెండే: సామానుకు సికింద్రాబాద్ రాణీగంజ్, పనికి విజయవాడ హైవే మీద వనస్థలిపురం దగ్గరున్న ఆటోనగర్. "సామాను కూడా నువ్వే తెచ్చెయ్ అన్నా" అని మెకానిక్‌కే వదిలేస్తే బిల్లు పెరగడం ఒక ఎత్తు, బండికి ఏ బ్రాండు పడిందో తెలియకపోవడం ఇంకో ఎత్తు. సామాను మనమే కొని కూలి విడిగా మాట్లాడుకునేవాళ్ల కోసమే ఈ రివ్యూ.

ముందు రాణీగంజ్. ఇక్కడి కౌంటర్ల దగ్గర అసలు బలం సరుకు కాదు, సరుకు తెలిసిన మనుషులు. పాత పార్టు తీసుకెళ్లి బల్ల మీద పెడితే ఏ ఏడాది మోడల్‌దో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అయినా ఆర్సీ ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి. ఒకే పేరుతో వచ్చిన పికప్‌లలో కూడా ఏడాదిని బట్టి వీల్ సిలిండర్ (చక్రంలో బ్రేకును నెట్టే భాగం), క్లచ్ ప్లేటు సైజులు మారిపోతాయి. 17 అంకెలు, అక్షరాల ఛాసిస్ నంబర్ చూపిస్తేనే పార్ట్ నంబర్ ఖాయమవుతుంది.

రేటు అడిగితే మూడు మాటలు వినిపిస్తాయి: ఒరిజినల్, ఓఈఎం, లోకల్. బండి కంపెనీ పెట్టెలో వచ్చేది ఒరిజినల్. దాన్ని తయారుచేసి కంపెనీకి సప్లై చేసేవాళ్లు సొంత పెట్టెలో అమ్మేది ఓఈఎం. ఈ రెండూ కానివి లోకల్. తక్కువ బడ్జెట్‌కు మా ఓటు ఓఈఎంకే. బ్రేక్ ప్యాడ్లు, షూలు, వీల్ సిలిండర్లు, స్టీరింగ్ టై రాడ్ ఎండ్లు, బేరింగుల్లో లోకల్ జోలికి పోవద్దు. అద్దాలు, డోర్ హ్యాండిళ్లు, మడ్‌ఫ్లాపులు, బీడింగు లోకల్‌వి వేసినా ప్రాణం మీదకు రాదు. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు, తేడా వస్తే మార్చుకోవడానికి ఆ కాగితమే ఆధారం. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాలన్నింటి మీదా జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు చాలా వాటి మీద 28 ఉండేది. పాత స్టాకు పెట్టె మీద పాత ఎంఆర్‌పీ కనిపిస్తే ఆ సంగతి గుర్తుచేసి అడగండి. ఎలక్ట్రికల్ సామాను మాత్రం ఒకసారి అమ్మాక వెనక్కి తీసుకోవడం అరుదు, కాబట్టి రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసేవి), స్విచ్‌లు కౌంటర్ మీదే బ్యాటరీ పెట్టి చూపించమనండి. ఇబ్బందల్లా పార్కింగే. బండి వేసుకుని లోపలికి వెళ్లకండి.

ఇక ఆటోనగర్. కమాన్ (ఇరుసు మీద బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగు) పనివాళ్లు, లేత్‌లు, రేడియేటర్ షాపులు, వెల్డింగ్, సీటు కుట్టేవాళ్లు అందరూ నడిచివెళ్లేంత దూరంలో ఉండటంతో విప్పిన పార్టు పట్టుకుని ఊరంతా తిరగక్కర్లేదు. అన్నింట్లో ఎక్కువ మార్కులు కమాన్ పనికే ఇస్తాం. కాకపోతే పని చెప్పడం మనకు తెలిసుండాలి.

ఖాళీ బండిని సమతలం నేల మీద ఆపి, వెనక చక్రం హబ్ మధ్య నుంచి తొట్టి (సరుకు వేసే వెనక భాగం) అంచు దాకా రెండు వైపులా టేపు పెట్టండి. రెండింటికీ తేడా ఒకటిన్నర సెంటీమీటర్లు దాటితే ఒక పక్క కమాన్ కుంగినట్టే. కొలిమిలో ఎర్రగా కాల్చి వంచి ఇస్తామనేవాళ్లు చవగ్గా చేస్తారు, కానీ ఆ తర్వాత నూనెలో చల్లార్చి మళ్లీ సరైన వేడికి తేకపోతే ఉక్కుకు స్ప్రింగు గుణం పోతుంది. కొన్ని నెలలకే మళ్లీ కుంగుతుంది, లేదా పట్టీ విరుగుతుంది. కాల్చకుండా ప్రెస్ మీద వంచే చోటే చేయించండి. పట్టీ పగిలి ఉంటే కొత్తది వేయాల్సిందే. పట్టీలను కిలోల లెక్కన అమ్ముతారు కాబట్టి తూకం ముందే చూసుకోండి. ఏం మార్చినా రెండు పక్కలా మార్చాలి. షాకిల్ బుష్‌లు, పట్టీలను కలిపి ఉంచే సెంటర్ బోల్టు, కమాన్‌ను ఇరుసుకు బిగించే యూ బోల్టులు కొత్తవే వేయించండి. సాగిన యూ బోల్టును మళ్లీ బిగిస్తే ఇరుసు జరిగి సెంటర్ బోల్టు తెగుతుంది.

"ఒక ప్లేటు ఎక్స్‌ట్రా వేస్తే ఎంత లోడైనా లాగుద్ది" అనే సలహా అక్కడ ఉచితంగా దొరుకుతుంది. ప్లేటు, అంటే పట్టీ, పెరిగితే కమాన్ బలం పెరుగుతుంది గానీ బ్రేకులు, ఛాసిస్ బ్రాకెట్లు, ఇరుసు పాతవే. ఆర్సీలో రాసిన బరువూ మారదు. ఓవర్‌లోడ్‌కు మోటారు వాహనాల చట్టం 194 సెక్షన్ కింద 20 వేలు, ఆపైన అదనపు టన్నుకు 2 వేల చొప్పున జరిమానా.

ఇంతకంటే పెద్ద ప్రమాదం ఒకటుంది, చాలా గ్యారేజీల్లో దీన్ని పట్టించుకోరు. చాలా పికప్‌లలో వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఒక సన్నటి రాడ్డో స్ప్రింగో ఉంటుంది. దాని పై కొన లోడ్ సెన్సింగ్ వాల్వ్ లివర్‌కు తగులుకుని ఉంటుంది. లోడు పడి తొట్టి కిందికి దిగితే, ఆ వాల్వ్ వెనక బ్రేకులకు ఎక్కువ ప్రెషర్ వదులుతుంది. ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది. కమాన్ పైకి లేపగానే వాల్వ్ బండి ఖాళీగానే ఉందనుకుంటుంది. అప్పుడు టన్ను సరుకుతో వెళ్తున్నా భారమంతా ముందు బ్రేకుల మీదే పడుతుంది, ప్యాడ్లు తొందరగా అరుగుతాయి, ఆగే దూరం పెరుగుతుంది. కుంగిన కమాన్‌తో దీనికి ఉల్టా: ఖాళీ బండి వానలో బ్రేకు కొట్టగానే వెనక చక్రాలు లాక్ అవుతాయి. అందుకే కమాన్ పని అయ్యాక, ఆ బండి సర్వీస్ మాన్యువల్లో ఉన్న కొలతకు రాడ్డును సెట్ చేయించనిదే బండి బయటికి తీయొద్దు. రాడ్డు కొన విప్పి లివర్‌ను చేత్తో కదిపి చూడండి. కదలకపోతే తుప్పుకు పట్టేసినట్టు, వాల్వ్ మార్చాలి. కొన్ని పాత బళ్లలో ఆ లివర్‌ను తీగతో కట్టేసి ఉంచుతారు. అది కనిపిస్తే అదే రోజు తీయించండి.

బ్రేకుల ఖర్చులో మొదటిది బ్రేక్ ఫ్లూయిడ్. గాల్లో తేమను అది పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, నీరు చేరాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. శ్రీశైలం ఘాట్‌లో లోడుతో దిగేటప్పుడు పెడల్ మెత్తబడటానికి ఇదొక కారణం. ఒక లీటరు సీలు డబ్బా కొని మొత్తం మార్పించండి. బ్రేకు పైపుల్లో గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ నొక్కితే ఫ్లూయిడ్‌ను నెట్టేది) దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి: మన కుడి స్టీరింగ్ బళ్లకు మామూలుగా వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. మాన్యువల్ వేరే వరస చెబితే అదే పాటించండి. వెనక డ్రమ్ విప్పించినప్పుడు వీల్ సిలిండర్ రబ్బరు అంచు ఎత్తి చూడండి. లోపల తడిగా ఉంటే రెండు పక్కలా సిలిండర్లు మార్చాలి. ఫ్లూయిడో గేర్ ఆయిలో తాగిన షూలను పెట్రోలుతో కడిగి గీకి ఇస్తామంటే వద్దనండి. నూనె లైనింగు లోపలిదాకా ఇంకుతుంది, వేడెక్కితే మళ్లీ పైకి వస్తుంది. డ్రమ్‌ను లేత్ మీద చెక్కించేటప్పుడు దాని మీద పోతపోసిన గరిష్ఠ వ్యాసం అంకె చూపించమని అడగండి. అది దాటితే డ్రమ్ పక్కన పడేయాలి.

తక్కువ డబ్బుకు ఎక్కువ ఫలితం ఇచ్చేది హెడ్‌లైట్ రిలే. పాత బళ్లలో కరెంటంతా స్టీరింగ్ దగ్గరి స్విచ్ గుండా పోయి, సన్నటి వైర్లలో కొంత వేడిగా మారుతుంది. ఇంజన్ ఆన్‌లో ఉంచి బల్బు హోల్డర్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. 12.8 వోల్టులు రావాల్సిన చోట 11 వస్తే వెలుగు సుమారు 40 శాతం పోయినట్టే. 30 ఆంపియర్ల రిలేలు రెండు, 2.5 చదరపు మిల్లీమీటర్ల ఆటో వైరు, బ్యాటరీకి జానెడు దూరంలో ఒక్కోదానికి 20 ఆంపియర్ల ఫ్యూజు చాలు. రిలే 30వ పిన్ను ఫ్యూజు నుంచి, 87 బల్బుకు, 86 పాత హెడ్‌లైట్ వైరుకు, 85 ఎర్త్‌కు. స్విచ్ ఎర్త్ వైపు ఉన్న బళ్లలో ఈ కనెక్షన్ మారుతుంది కాబట్టి ముందు మీటర్‌తో చూడాలి. బల్బు 60/55 వాట్లదే ఉంచండి. 100/90 వేస్తే హోల్డర్ కరుగుతుంది. హాలోజన్ రిఫ్లెక్టర్‌లో ఎల్ఈడీ బల్బు పెడితే రోడ్డు కంటే ఎదుటివాళ్ల కళ్లలోకే ఎక్కువ వెలుగు కొడుతుంది. మీటర్ లేకపోతే కోఠి గుజరాతీ గల్లీలో కొనుక్కోండి.

తొట్టి విషయంలో ఆటోనగర్ సలహా మాకు నచ్చలేదు. నేల తుప్పు పట్టిందంటే మొత్తం 3 మిల్లీమీటర్ల చెక్కర్ ప్లేటు పరిచేద్దామంటారు. 8 అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు తొట్టికి దాని బరువు దాదాపు 100 కిలోలు. ప్రతి ట్రిప్పుకూ క్వింటాలు సరుకు తగ్గినట్టే. తుప్పు తిన్న మేరకు కోసి, 16 గేజ్ షీటు అతికించి, అడుగున జింక్ ప్రైమర్ కొట్టించండి. వెల్డింగ్ మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ విప్పించాలి, కామన్ రైల్ (కంప్యూటర్‌తో నడిచే డీజిల్) ఇంజన్ అయితే ఈసీయూ, అంటే ఆ కంప్యూటర్, కనెక్టర్ కూడా. ఎర్త్ క్లాంపు అతుకు పక్కనే పెట్టాలి, లేకపోతే కరెంటు బేరింగుల గుండా పోతుంది.

టైర్లలో రీట్రెడ్‌వి (అరిగిన టైరుకు కొత్త పై రబ్బరు వేసినవి) వెనక మాత్రమే. కొత్తదైనా పక్కనున్న నాలుగు అంకెలు చూడండి: 2325 అంటే 2025లో 23వ వారం తయారీ.

ఇంజన్ పవర్ పెంచే చిప్పులకు పైసా పెట్టకండి. నల్లపొగ, లాగకపోవడం ఉంటే ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, టర్బో గొట్టం చీలిక ముందు చూడండి. తొట్టి పొడవు, ఎత్తు మార్చే ఆలోచన వద్దు. అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి 5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడవచ్చు.

ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఫిట్‌నెస్ ఏటా తప్పదు కాబట్టి ఈ పనులన్నీ ఆ తేదీకి కనీసం రెండు వారాల ముందు పెట్టుకోండి. కమాన్ పని జరిగాక 500 కిలోమీటర్లకు యూ బోల్టులు మళ్లీ టార్క్ రెంచితో బిగించాలి, ఆ పనికి డబ్బు అడగొద్దని మొదటి రోజే మాట్లాడుకోండి. రిఫ్లెక్టివ్ టేపు (ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు) వెల్డింగ్, పెయింటింగ్ అన్నీ అయ్యాక చివర్లో అంటించండి. ముందే అంటిస్తే వేడికి ఊడిపోయి మళ్లీ కొనాల్సి వస్తుంది.